హైదరాబాద్ నుంచి డాలస్‌కు ఎంత దూరం? ఎన్ని గంటలు? ఒక్కో చోట ఒక్కో లెక్క ఎందుకు?

శంషాబాద్ విమానాశ్రయం నుంచి అమెరికాలోని డాలస్‌కు దూరం ఎంతో ఫోనులో వెతికి చూడండి. ఒక చోట 14,420 అని కనిపిస్తుంది, ఇంకో చోట 8,960, మరో చోట 7,790. దుబాయ్ మీదుగా టికెట్టు కొంటే తిరిగేది దాదాపు 15,500 కిలోమీటర్లు. గంటల సంగతీ అంతే. దూరాన్ని బట్టి లెక్క కడితే పదిహేడున్నర వస్తుంది, టికెట్టు మీద ఇరవై రెండో ఇరవై మూడో ఉంటుంది, చేరే సమయంలోంచి బయలుదేరే సమయాన్ని తీసేస్తే పదిన్నరే మిగులుతుంది. పిల్లల దగ్గరకు మొదటిసారి వెళ్తున్న తల్లిదండ్రులు ఈ అంకెలన్నీ కాగితం మీద రాసుకుని, ఎక్కడో పొరపాటు జరిగిందని అనుమానపడతారు. పొరపాటేమీ లేదు. అన్నీ సరైన అంకెలే, కాకపోతే ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు.

ముందు సులువైన ముడి విప్పేద్దాం. 14,420 కిలోమీటర్లు, 8,960 అమెరికా మైళ్లు, 7,790 నాటికల్ మైళ్లు మూడూ ఒకే దూరం. పైలట్లు వాడేది మూడోదాన్ని. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. చాలామంది రెండు రకాల మైళ్లనూ ఒకటే అనుకుని, దూరంలో వెయ్యి మైళ్లకు పైగా పోగొట్టుకుంటారు.

## గ్లోబు మీద దారం: మొదటి దూరం

గోడ మీది ప్రపంచ పటంలో హైదరాబాద్ నుంచి డాలస్‌కు స్కేలు పెట్టి గీత గీస్తే అది అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పడమరకు పోతుంది. ఆ గీత వెంబడి పోతే సుమారు 17,700 కిలోమీటర్లు. పిల్లల గ్లోబు ఒకటి, కుట్టుమిషను దారం ఒకటి తీసుకోండి. దారం ఒక కొసను హైదరాబాద్ మీద బొటనవేలితో నొక్కిపెట్టి, రెండో కొసను డాలస్ దగ్గర పట్టుకుని బిగించండి. పడమరగా పరిచిన దారం వేలి కింద నిలవదు, జారుతుంది. పైకి, ఇంకా పైకి జారి, ఉత్తర ధ్రువం పక్కన ఆగుతుంది. బిగిసిన దారానికి పొట్టి దారే కావాలి మరి. గోళం మీద రెండు చోట్లను కలిపే ఈ అతి పొట్టి దారి పేరే మహావృత్త మార్గం. దూరం చెప్పే పట్టికలన్నీ కొలిచేది దీన్నే.

ఈ రెండు నగరాల విషయంలో ఆ లెక్కను స్కూలు పిల్లలు కూడా వేయగలరు. హైదరాబాద్ రేఖాంశం తూర్పున 78.4 డిగ్రీలు. ఇక్కడి నుంచి ముక్కుసూటిగా ఉత్తరానికి పోయి, ధ్రువం దాటి అటువైపు దిగితే చేరేది పశ్చిమ రేఖాంశం 101.6 డిగ్రీలకు. అది టెక్సాస్‌లో పడుతుంది. డాలస్ ఉన్నది 97 దగ్గర. అంటే డాలస్ మనకు దాదాపు భూగోళపు అవతలి ముఖం మీద ఉంది. హైదరాబాద్ అక్షాంశం 17.2, ఇక్కడి నుంచి ధ్రువానికి 72.8 డిగ్రీలు. డాలస్ అక్షాంశం 32.9, ధ్రువం నుంచి అక్కడికి 57.1 డిగ్రీలు. కలిపితే 129.9. భూమి మీద ఒక డిగ్రీ 111 కిలోమీటర్లు. గుణిస్తే 14,419. ధ్రువాన్ని సరిగ్గా తాకకుండా కొంచెం పక్కగా పోతే మరో పదో ఇరవయ్యో కిలోమీటర్లు తగ్గుతాయి, అంతకన్నా తేడా రాదు.

## ఆ దారం కింద ఏమేమున్నాయి

గోడ పటాన్ని మరిచిపోయి ఈ దారం వెంట ప్రయాణం చేద్దాం. శంషాబాద్‌లో లేచిన విమానం ఉత్తరానికి తిరిగి, రవ్వంత ఎడమకు మొగ్గుతుంది. ఢిల్లీ దాదాపు కింద నుంచే పోతుంది. ఆ పైన కారకోరం పర్వతాలు, అందులోనూ కె2 శిఖరం పరిసరాలు. తరువాత మధ్య ఆసియా, కజకిస్తాన్ మైదానాలు, సైబీరియాలోని ఓమ్‌స్క్ నగరం, ఆర్కిటిక్ సముద్రం. ధ్రువానికి ఐదు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, గ్రీన్‌లాండ్‌కు ఉత్తరంగా మలుపు. అక్కడి నుంచి కెనడా దీవులు, హడ్సన్ అఖాతపు పడమటి అంచు, మినెసోటా, ఓక్లహోమా, డాలస్.

చదవడానికి బాగుంది. ఎగరడానికి మాత్రం దాదాపు ప్రతి మజిలీలోనూ ఓ అడ్డంకి ఉంది.

మొదటిది కొండలు. విమానాలు పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పోతాయి కదా, 8,611 మీటర్ల కె2 అడ్డమెలా అవుతుందని అడగవచ్చు. మామూలుగా కాదు. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోయినప్పుడే చిక్కు. సీటు పైనుంచి వేలాడే ముసుగుల్లో ఆక్సిజన్ సుమారు పావుగంటకు సరిపోతుంది. ఆ లోపు పైలట్ దాదాపు మూడు కిలోమీటర్ల ఎత్తుకు, అంటే మనుషులు మామూలుగా ఊపిరి పీల్చుకోగలిగే చోటుకు దించాలి. కింద ఆరేడు కిలోమీటర్ల కొండలు పరుచుకుని ఉంటే ఎక్కడికి దించుతాడు? అందుకే ఎత్తైన పర్వతాల మీదుగా పోవాలంటే తప్పించుకునే దారులు ముందే గీసి పెట్టుకోవాలి. చాలా మార్గాలు వాటిని చుట్టి పోవడానికే మొగ్గుతాయి.

రెండోది ధ్రువం. అక్షాంశం 78 డిగ్రీలకు పైన ఉన్న ప్రాంతాన్ని అమెరికా నియమాలు ధ్రువ ప్రాంతంగా లెక్కిస్తాయి, దానికి వేరే అనుమతి కావాలి. అక్కడ అయస్కాంత దిక్సూచిని నమ్మడానికి లేదు. భూమధ్యరేఖ పైన నిలిచి ఉండే సమాచార ఉపగ్రహాలు అంత ఉత్తరానికి సరిగా కనిపించవు. బయటి చలికి రెక్కల్లోని ఇంధనమే గడ్డకట్టే ప్రమాదం ఉంది. మన దగ్గర నింపే జెట్ ఎ-1 ఇంధనం ఘనీభవన స్థానం మైనస్ 47 డిగ్రీలు. ఇంధనం ఉష్ణోగ్రత ఆ దరిదాపులకు వస్తే పైలట్ కిందికి దిగాలి, లేదా వేగం పెంచాలి, లేదా దారి మార్చాలి.

మూడోది ఇంజన్ల లెక్క. ఇప్పటి దూరప్రయాణ విమానాల్లో చాలావాటికి రెండే ఇంజన్లు. ఒకటి ఆగిపోతే రెండో దానితో ఎన్ని నిమిషాల్లో ఏదో ఒక విమానాశ్రయాన్ని చేరగలదన్నది ముందే తేల్చాలి. పాత రోజుల్లో ఆ హద్దు 60 నిమిషాలు. 1985లో 120 అయింది. 1988లో 180, ఆ తరువాత 330 నిమిషాల దాకా అనుమతులు పెరిగాయి. హద్దు పెరిగినకొద్దీ విమానం దారానికి దగ్గరగా జరిగింది.

## ఆకాశానికీ పొలిమేరలున్నాయి

నాలుగో అడ్డంకి ప్రకృతిది కాదు. ప్రతి దేశానికీ తన నేలపై ఉన్న గగనతలం మీద హక్కుంది. దాటాలంటే అనుమతి కావాలి, చాలా చోట్ల రుసుమూ కట్టాలి.

2019లో బాలాకోట్ దాడి తరువాత ఫిబ్రవరి చివరి నుంచి జులై మధ్య వరకు పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తరువాత భారతీయ విమానాలకు మళ్లీ తలుపు వేసింది, భారత్ కూడా అదే చేసింది. గ్లోబు మీద అంగుళం కూడా మారలేదు గానీ, ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని ఇంధనం కోసం వియన్నాలో దిగాల్సి వచ్చింది.

రష్యా కథ ఇంకా చిక్కుది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, ఐరోపా విమాన సంస్థలకు రష్యా ఆకాశం మూతపడింది, భారతీయ సంస్థలకు పడలేదు. ఇది న్యాయం కాదని అమెరికా సంస్థల వాదన: అవే రెండు నగరాల మధ్య ఒకరు పొట్టి దారిలో, ఇంకొకరు చుట్టుదారిలో పోతే అది పోటీ ఎలా అవుతుంది? అమెరికన్ ప్రయాణికులను రష్యా మీదుగా తీసుకుపోవడంలో భద్రత మాటేమిటని కూడా వారు అడిగారు. రెండో పక్షం మాట కూడా తేలికైనది కాదు: ఆ తగవులో భారత్ పక్షం కాదు, అనుమతి ఉన్న దారిని వదిలేసి ఎక్కువ ఇంధనం కాల్చమనడం ఏమి తర్కం? 2023 జూన్‌లో ఈ చర్చకు ఓ ఉదాహరణ దొరికింది. ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా విమానం ఇంజన్ సమస్యతో రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు ఆ చిన్న ఊరిలో తలదాచుకుని, ఇంకో విమానం వచ్చేదాకా ఎదురు చూశారు. దారి ప్రమాదకరమని చెప్పేవారికీ, అవసరంలో అక్కడ దిగవచ్చని చెప్పేవారికీ ఇద్దరికీ ఆ ఒక్క సంఘటనే సాక్ష్యమైంది.

## గాలి దూరం, నేల దూరం

నన్నడిగితే ఈ విషయమంతటిలోనూ రుచికరమైన భాగం ఇదే.

2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ-శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు కాకుండా పసిఫిక్ వైపు నడిపింది. మహావృత్తం ప్రకారం ఆ రెండు నగరాల దూరం సుమారు 12,400 కిలోమీటర్లు. అట్లాంటిక్ దారిలో దాదాపు 13,900. పసిఫిక్ దారిలో దాదాపు 15,300. అంటే 1,400 కిలోమీటర్లు ఎక్కువ. అయినా విమానం పద్నాలుగున్నర గంటల్లో చేరింది, పాత దారిలో పట్టే సమయం కన్నా దాదాపు రెండు గంటలు ముందు. సగటు వేగం గంటకు 1,055 కిలోమీటర్లు. తిరుగు ప్రయాణంలో అట్లాంటిక్ మీదుగా వచ్చేది, అంటే పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ తూర్పుకే ఎగిరి, మొత్తం భూమిని చుట్టేసేది.

ఇదెలా సాధ్యం? విమానం వేగాలు రెండు. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది పోయే వేగం ఒకటి, సుమారు 900 కిలోమీటర్లు. నేలతో పోలిస్తే పోయే వేగం ఇంకొకటి. మన అక్షాంశాలకు ఉత్తరాన, విమానాలు ఎగిరే ఎత్తులోనే, పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలినది ప్రవహిస్తుంది. చలికాలంలో ఉధృతి ఎక్కువ, గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటడం సాధారణం. గోదావరిలో పడవను తలచుకోండి. తెడ్డు అంతే వేగంగా వేసినా వరద వాలున పోతే ఒక సమయం, ఎదురెక్కితే ఒక సమయం. విమానం తెడ్డు వేసేది గాలిలో, మనం కొలిచేది ఒడ్డున.

అంకెల్లో చూద్దాం. 14,000 కిలోమీటర్ల దారి, గాలిలో వేగం 900. సగటున 60 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే నేల మీద వేగం 840, సమయం 16 గంటల 40 నిమిషాలు. అంతే గాలి వెనుక నుంచి తోస్తే 960, సమయం 14 గంటల 35 నిమిషాలు. రెండు గంటల పైన తేడా. పోనీ రానూపోనూ కలిపితే సరిపోతుందా? గాలే లేకపోతే రెండు ప్రయాణాలకు కలిపి 31 గంటల 7 నిమిషాలు. గాలి ఉంటే 31 గంటల 15 నిమిషాలు. గాలి ఒకవైపు ఇచ్చింది రెండో వైపు వడ్డీతో వసూలు చేస్తుంది. ఎదురుగాలిలో గడిపే సమయమే ఎక్కువ కాబట్టి నష్టమే మిగులుతుంది.

2020 ఫిబ్రవరిలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో వచ్చింది. ఒక దశలో నేలతో పోలిస్తే దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. ధ్వని వేగాన్ని మించిందని కొందరు ఉత్సాహపడ్డారు. గాలితో పోలిస్తే అది మామూలు వేగంతోనే పోయింది, గాలే పరుగెత్తింది.

ఇక్కడే ఒక పాత అపోహ. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, పడమరకు ఎగిరితే గమ్యమే మనకు ఎదురొస్తుంది, త్వరగా చేరాలి కదా అని. శంషాబాద్‌లో గేటు దగ్గర కదలకుండా నిలిచి ఉన్న విమానం కూడా భూమితో పాటు గంటకు దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతూనే ఉంది. లేచాక ఆ వేగం ఎక్కడికీ పోదు, చుట్టూ ఉన్న గాలి కూడా భూమితోనే తిరుగుతోంది. నడుస్తున్న రైలు పెట్టెలో ఎగిరి గెంతితే వెనక పెట్టెలో పడం. జెట్ స్ట్రీమ్ పుట్టుకలో భూభ్రమణానికి పాత్ర ఉన్న మాట నిజం, కాని విమానం కింద నుంచి భూమి జారిపోవడమనేది లేదు.

## వార్తల్లో వచ్చే దూరం

2021 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా తొలి విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో మహిళా పైలట్లే ఉత్తర ధ్రువం మీదుగా నడిపారు. రెండు నగరాల మధ్య అతి పొట్టి దూరం 14,000 కిలోమీటర్లయితే, చాలా వార్తల్లో 16,000 అని వచ్చింది. దారం పొడవు ఒకటి, ఆ రోజుకు గీసిన దారి పొడవు ఒకటి, విమానం నిజంగా తిరిగింది ఒకటి. ఏది చెబుతున్నామో చెప్పకుండా అంకె రాస్తే ఇలాగే ఉంటుంది.

## టికెట్టు మీద సమయంలో ఏమేమి కలుస్తాయి

దూరం నుంచి సమయం లెక్కగట్టే సూత్రం సాధారణంగా ఇంతే: కిలోమీటర్లను 850తో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ అరగంట కలపడం. 14,420ని అలా భాగిస్తే 17 గంటలు, అరగంట కలిపితే పదిహేడున్నర. హైదరాబాద్ నుంచి డాలస్‌కు నేరు విమానమే లేదన్న సంగతి ఆ సూత్రానికి తెలియదు. లేని బండికి సమయం చెబుతుంది.

టికెట్టు మీది సమయం వేరు. విమానం గేటు దగ్గర చక్రాల ముందు దిమ్మలు తీసిన క్షణం నుంచి, గమ్యంలో మళ్లీ దిమ్మలు పెట్టేదాకా లెక్క. రన్‌వే వరకు నడక, వరుసలో నిలబడడం, దిగే ముందు ఆకాశంలో చక్కర్లు అన్నీ అందులోనే. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి గాలిలో ఉండేది గంటా నలభై ఐదు నిమిషాల చుట్టుపక్కల, టికెట్టు మీద రెండుంపావు గంటలు.

ఈ అదనపు నిమిషాల మీద వాదం ఉంది. షెడ్యూలు కన్నా పదిహేను నిమిషాలలోపు ఆలస్యమైతే సమయానికి వచ్చినట్టే లెక్క. కాబట్టి సంస్థలు కావాలనే షెడ్యూలును సాగదీసి, ఆలస్యాన్ని కాగితం మీద మాయం చేస్తున్నాయని విమర్శ. రద్దీ పెరిగింది, గాలులు రోజుకో తీరు, కనెక్షన్ విమానం అందుకోవలసినవాళ్లకు నమ్మదగిన సమయం చెప్పడమే మేలని సంస్థల జవాబు. రెండింటిలోనూ నిజముంది. నా వరకు, అరగంట ముందు దిగామని విమానంలో గొప్పగా ప్రకటించినప్పుడు మాత్రం చప్పట్లు కొట్టబుద్ధి కాదు.

## మరి నేరు విమానం ఎందుకు లేదు

ఎగరగల యంత్రాలు లేక కాదు. బోయింగ్ 777-200ఎల్‌ఆర్ రకం విమానం 2005లో హాంకాంగ్ నుంచి తూర్పు దిక్కుగా లండన్‌కు 21,600 కిలోమీటర్లు ఆగకుండా ఎగిరింది. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు రోజూ విమానం ఉంది, అది 15,300 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచే 2021 జనవరిలో చికాగోకు, అంటే సుమారు 13,300 కిలోమీటర్లకు, నేరు విమానం మొదలైంది, తరువాత నిలిచిపోయింది.

చిక్కు బరువుతో. అంత పెద్ద విమానం గంటకు సుమారు ఏడెనిమిది టన్నుల ఇంధనం తాగుతుంది. పదిహేడో గంటలో కాల్చే ఇంధనాన్ని ముందు పదహారు గంటలు మోసుకుపోవాలి, ఆ మోతకే మరికొంత ఇంధనం ఖర్చు. సింగపూర్ విమానంలో 161 సీట్లే, మామూలు ఎకానమీ తరగతి లేదు. అంత ధర పెట్టే వ్యాపార ప్రయాణికులు అక్కడ నిండుతారు. మన దారిలో ఎక్కువమంది విద్యార్థులు, తల్లిదండ్రులు, పండక్కి వచ్చే కుటుంబాలు. రెండేసి పెట్టెలు, చౌక టికెట్టు వాళ్లకు ముఖ్యం.

దుబాయ్ లెక్క చూడండి. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు, దుబాయ్ నుంచి డాలస్ 12,920. మొత్తం 15,470. నేరు దారి కన్నా వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ, అంటే గాలిలో గంటా పావు. మిగతా ఆలస్యమంతా విమానాశ్రయంలో కాఫీ కప్పుతో గడిచేదే. దుబాయ్‌లో పదుల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఒకే విమానం ఎక్కుతారు, అది నిండుతుంది. నేరు విమానం హైదరాబాద్‌లోనే నిండాలి. దాన్ని కోరేవారి పక్షానా బలముంది: మోకాళ్ల నొప్పులున్న డెబ్బై ఏళ్ల మనిషికి అర్ధరాత్రి పరాయి విమానాశ్రయంలో టెర్మినల్ మారడం ఆ గంటల లెక్కలో కనిపించని కష్టం.

## గడియారం చేసే గారడీ

చివరి ముడి, ఆ పదిన్నర గంటలది. జనవరిలో డాలస్ గడియారం మనకన్నా పదకొండున్నర గంటలు వెనక. సోమవారం పొద్దున పదికి హైదరాబాద్‌లో బయలుదేరి, మజిలీతో కలిపి 22 గంటలు ప్రయాణం చేశారనుకుందాం. దిగేసరికి ఇక్కడ మంగళవారం పొద్దున ఎనిమిది. అక్కడ ఇంకా సోమవారం రాత్రి ఎనిమిదిన్నర. టికెట్టు మీద సోమవారం 10:00, సోమవారం 20:30 అని ఉంటుంది. తేడా పదిన్నర, దానికి పదకొండున్నర కలిపితే 22. తిరుగు ప్రయాణంలో తీసివేయాలి: అక్కడ సోమవారం మధ్యాహ్నం పన్నెండుకు బయలుదేరి, ఇక్కడ మంగళవారం రాత్రి ఎనిమిదిన్నరకు దిగితే చూడడానికి 32 గంటల 30 నిమిషాలు, నిజానికి 21.

మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అమెరికాలో గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, మనం జరపం. అప్పుడు కలపవలసింది పదిన్నరే. అక్టోబరు చివర వెళ్లి నవంబరు మధ్యలో తిరిగొచ్చే తల్లిదండ్రులు పోయేటప్పుడు ఒక లెక్క, వచ్చేటప్పుడు ఇంకో లెక్క వేసుకోవాలి. శంషాబాద్‌లో ఎదురు చూసే అల్లుడికి ఆ సంగతి ముందే చెప్పి ఉంచాలి.